కారు పవర్ పెంచుతున్నారా? ముందు ఫ్యూయల్ పంపు లెక్క చూసుకోండి

సెకండ్‌హ్యాండ్‌లో టర్బో పెట్రోల్ కారు కొనడం, ఈసీయూ రీమ్యాప్ చేయించి పవర్ పెంచడం ఇప్పుడు కుర్రాళ్లలో బాగా కనిపిస్తున్న సరదా. టర్బో, ఎగ్జాస్ట్, అల్లాయ్ వీల్స్ గురించి గంటలు గంటలు మాట్లాడతారు కానీ, ట్యాంకులో మునిగి ఉండే ఫ్యూయల్ పంపు సంగతి చాలామందికి గుర్తే రాదు. ఇంజిన్ బతకడం, పోవడం మాత్రం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

పెట్రోలు తగ్గితే ఏమవుతుంది?

పవర్ పెరగాలంటే ఇంజిన్‌లోకి గాలి ఎక్కువ వెళ్లాలి. గాలికి తగ్గట్టు పెట్రోలు కూడా వెళ్లాలి. ఫుల్ యాక్సిలరేటర్‌లో పంపు సరిపోకపోతే మిశ్రమం పలుచబడుతుంది (మెకానిక్‌లు దీన్నే 'లీన్' అంటారు). వేడి పెరిగి నాకింగ్ మొదలవుతుంది. కొన్ని సెకన్లలోనే పిస్టన్ కరిగిపోయే ప్రమాదం ఉంది. ఊళ్లో మామూలుగా నడిపేటప్పుడు ఈ లోపం బయటపడదు, హైవే మీద గట్టిగా తొక్కినప్పుడే తెలుస్తుంది.

లెక్క ఇలా వేయాలి

టర్బో పెట్రోల్ ఇంజిన్‌కు ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 0.27 కిలోల పెట్రోలు కావాలి. 250 హార్స్‌పవర్ లక్ష్యమైతే 67.5 కిలోలు, అంటే దాదాపు 91 లీటర్లు. ఈ20 పెట్రోలులో ఇథనాల్ వల్ల శక్తి తక్కువ కాబట్టి ఇంకో 6-7 శాతం కలపాలి. దానిపైన 20 శాతం మార్జిన్ ఉంచుకోవాలి. మొత్తం గంటకు సుమారు 117 లీటర్లు.

పెట్టె మీద అంకెను నమ్మొద్దు

'గంటకు 255 లీటర్లు' అని రాసి ఉంటే అది ఏ ప్రెషర్ దగ్గర, ఎన్ని వోల్టుల దగ్గర అన్నది అడగాలి. ప్రెషర్ పెరిగే కొద్దీ పంపు ఇచ్చే పెట్రోలు తగ్గుతుంది. చాలా టర్బో కార్లలో బూస్ట్ ఎంత పెరిగితే రైలు ప్రెషర్ కూడా అంత పెంచుతారు. బేస్ ప్రెషర్ 3 బార్, బూస్ట్ 1 బార్ అయితే పంపు 4 బార్ దగ్గర 117 లీటర్లు ఇవ్వాలి. కంపెనీ ఇచ్చే ఫ్లో చార్ట్‌లో 13.5 వోల్టుల గీత చూస్తే ఇది తెలుస్తుంది.

డైరెక్ట్ ఇంజెక్షన్ కార్లలో రెండు పంపులు ఉంటాయి: ఒకటి ట్యాంకులో, ఇంకోటి ఇంజిన్ మీద హై ప్రెషర్ పంపు. ఒక్కటే మారిస్తే సరిపోకపోవచ్చు. రెండూ చెక్ చేయించాలి.

పెద్ద పంపు పెడితే చాలదా?

చాలదు. మిగిలిన పెట్రోలును రెగ్యులేటర్ వెనక్కి పంపలేకపోతే ఐడిల్‌లో ప్రెషర్ పెరిగి ఇంజిన్ రిచ్‌గా నడుస్తుంది. పెద్ద పంపు కరెంటు కూడా ఎక్కువ లాగుతుంది. పాత సన్నని వైరు మీద వోల్టేజీ పడిపోతే కొత్త పంపు పెట్టిన లాభమే ఉండదు. బ్యాటరీ నుంచి విడిగా మందం వైరు, రిలే, ఫ్యూజ్ వేయించాలి. ఫిల్టర్ కూడా కొత్తది వేయించాలి.

పంపును చల్లబరిచేది ట్యాంకులోని పెట్రోలే. కాబట్టి ఎండాకాలంలో పావు ట్యాంకు కంటే తగ్గనివ్వకపోవడం మంచిది.

కొనేటప్పుడు జాగ్రత్త

పేరున్న బ్రాండ్ల పంపులకు నకిలీలు చాలా ఉన్నాయి. ధర మరీ తక్కువగా ఉంటే అనుమానించాలి. అధీకృత డీలర్ దగ్గర బిల్లుతో కొనాలి, ఈ20కి పనికొస్తుందో లేదో అడగాలి. గల్ఫ్‌లో ఉన్న మామూ, భాయ్‌జాన్‌లతో తెప్పించుకునేవాళ్లు సీల్ తీయని కొత్తదే తెమ్మని చెప్పాలి. పెట్రోలు ఆవిరి మిగిలిన వాడిన పంపును విమానంలోకి అనుమతించరు.

పెద్దలు అడగాల్సినవి

ట్యాంకు తెరిచే పని ఇంటి ముందు చేయించొద్దు. బ్యాటరీ నెగటివ్ తీసి, గాలి ఆడే చోట చేయాలి. పని అయ్యాక కారులో పెట్రోలు వాసన వస్తే ఆ కారు ఎవరూ ఎక్కొద్దు, సీల్ మళ్లీ చూపించాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీ వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. మార్పుల గురించి బీమా కంపెనీకి చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది రావొచ్చు.

చివరిగా ఒక మాట: పని అయ్యాక ఫుల్ లోడ్‌లో ఫ్యూయల్ ప్రెషర్, ఎయిర్-ఫ్యూయల్ రీడింగ్ రెండూ కొలిచి చూపించమని ట్యూనర్‌ను అడగండి. చూపించలేని చోట బిడ్డ కారు వదలకపోవడమే మేలు.