ఎల్వా నదికి తిరిగి వచ్చిన చేపలు

వరద గోదావరికి ఎదురీదే పులసను ఎరుగని తెలుగు కుటుంబం అరుదు. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టేందుకు నదినెక్కే చేప అది. పసిఫిక్ తీరపు సాల్మన్ స్వభావమూ అటువంటిదే. పైగా అది తాను పుట్టిన ఏటి నీటి వాసనను గుర్తుపట్టి అక్కడికే మరలుతుంది. గుడ్లు పెట్టి మరణిస్తుంది; దాని కళేబరం ఏటికీ, గట్టున ఉన్న చెట్లకూ సారమవుతుంది. ఈ సంగతి మేము పాఠంలో చెప్పినపుడు ఒక బాలుడు, "ఉస్తాద్ గారూ, మధ్యలో దారి మూసేస్తే?" అని అడిగాడు.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, ఎల్వా నదిపై జరిగినది అదే. సముద్రానికి 8 కిలోమీటర్ల దూరంలో 1913లో ఒక ఆనకట్ట పూర్తయింది. చేపలకు దారి విడువవలెనని రాష్ట్ర చట్టం ఉన్నా విడువలేదు. 1927లో ఎగువన మరొకటి లేచింది. నదీముఖాన నివసించే దిగువ ఎల్వా క్లల్లామ్ తెగవారికి 1855 నాటి ఒడంబడిక చేపల వేట హక్కును ఇచ్చింది. హక్కు కాగితంపై ఉండగా నదిలో చేపలు తరిగిపోయాయి.

ఆ తెగవారు పట్టు విడువలేదు. 1986లో ఆనకట్టల అనుమతిని అధికారికంగా ప్రతిఘటించారు. పర్యావరణ సంఘాలు తోడయ్యాయి. 1992లో నదిని పునరుద్ధరించే చట్టం వచ్చింది. అయినప్పటికీ 2011 సెప్టెంబరు వరకు ఒక్క రాయీ కదలలేదు! 2014 నాటికి రెండు గోడలూ తొలగాయి. దశాబ్దాలుగా పేరుకున్న ఒండ్రు కదిలి నదిని బురదమయం చేసింది, సముద్రపుటొడ్డున కొత్త ఇసుకతీరాన్ని నిర్మించింది. బయటపడిన జలాశయాల నేలపై తెగవారు, జాతీయ పార్కు సిబ్బంది, స్వచ్ఛంద సేవకులు స్థానిక విత్తనాలు చల్లి, లక్షల మొక్కలు నాటారు. చేపలు ఆగేందుకు నదిలో దుంగలు పేర్చి మడుగులు కల్పించారు. దిగువ ఆనకట్ట తొలగిన కొద్ది నెలలకే, 2012లో, సాల్మన్లు దాని స్థానాన్ని దాటి పైకి వెళ్లాయి.

వీటన్నిటికన్నా మమ్మల్ని ఆలోచింపజేసినది మరొకటి. చేపలు కోలుకునే వరకు నదిలో వేట ఆపివేయాలని 2011లోనే నిశ్చయమైంది. ఒడంబడిక హక్కు చేతిలో ఉన్న తెగవారు కూడా ఆగారు. గోడ కూల్చేందుకు యంత్రాలున్నాయి. కళ్లెదుట చేప కదులుతుండగా చేయి ముడుచుకొని కూర్చోవడానికి ఏ యంత్రమున్నది? 2023 శరత్కాలంలో కోహో జాతి సాల్మన్లను పరిమితంగా పట్టుకొన్నారు. ఆ పన్నెండేళ్లలో కన్నుమూసిన వృద్ధులున్నారు, సొంత నదిలో వేట చూడకుండానే పెరిగిన పిల్లలున్నారు. అన్నిటిలో పెద్దదైన చినూక్ సాల్మన్ వేట మాత్రం ఆ ఏడు కూడా మొదలు కాలేదు.