ఒంటి గేరు సైకిలు

సైకిలు ఎక్కనివారు మనలో అరుదు. అయినను తాము ఎక్కు సైకిలు వెనుక చక్రమువద్ద ఎన్ని పళ్ళున్నవో చెప్పగలవారు అంతకంటె అరుదు. అది మెకానిక్కు తెలిసికొనవలసిన సంగతియేకాని మనకేమి పని అని అనుకొందుము. ఆ పళ్ళ లెక్క మన మోకాళ్ళకును, మన కాలమునకును సంబంధించినదని నేను మా తండ్రిగారి సైకిలు వలన తెలిసికొంటిని.

1990 ప్రాంతమున ఆయన తూర్పు కనుమల అంచున నున్న ఒక పల్లెలో పోస్టుమానుగా ఉండిరి. దినమునకు 20 కిలోమీటర్ల తిరుగుడు. వెనుక క్యారియరుపై ఉత్తరముల సంచి, పార్సెళ్ళు. దారిలో ఒక పెద్ద ఎత్తు కలదు. దాని మొదట సైకిలు దిగి, పైదాక నడిపించుకొని పోవుట ఆయనకు అలవాటు. పట్టుదలతో దిగకుండ ఎక్కిన దినమున రాత్రి మోకాళ్ళకు ఆముదము రాచుకొనెడివారు. వయసు మీదపడుచున్నదని ఆయనయు నమ్మిరి, మేమును నమ్మితిమి.

సైకిలునకు చైను ఎందుకు వచ్చినదో తెలిసినచో దాని పళ్ళ సంగతి సులభముగ బోధపడును. 1870, 1880 దశకములలో ఇంగ్లండు దేశమున వాడిన సైకిలునకు ముందు చక్రము చాల పెద్దది, వెనుకది చాల చిన్నది. పెడళ్ళను ముందు చక్రపు ఇరుసునకే బిగించెడివారు. పెడలు ఒక చుట్టు తిరిగినచో చక్రమును ఒక చుట్టే తిరుగును. కనుక వేగము కావలెనన్న చక్రమును పెంచుట తప్ప వేరు మార్గము లేకుండెను. అయితే త్రొక్కువాని కాళ్ళ పొడవు దానికి హద్దు. అంత ఎత్తునుండి తలక్రిందులుగ పడినవారు అనేకులు. 1885లో జాన్ కెంప్ స్టార్లీ అను ఆయన కోవెంట్రీ నగరమున తయారుచేసిన రోవర్ సైకిలు ఈ చిక్కును తీర్చెను. పెడళ్ళు నడుమకు వచ్చినవి; చైను వెనుక చక్రమును త్రిప్పసాగెను. ఇక వేగము చక్రపు ఎత్తుపై గాక పళ్ళ లెక్కపై ఆధారపడెను.

ఆ లెక్క యెట్టిదో చూతము. మన ఊళ్ళలో తిరుగు నల్ల సైకిలునకు పెడళ్ళవద్ద నున్న పళ్ళచక్రమునకు సామాన్యముగ 44 పళ్ళు, వెనుక ఫ్రీవీలునకు 18 పళ్ళు ఉండును. 44ను 18చే భాగించినచో సుమారు 2.44 వచ్చును. అనగా మనము పెడలును ఒక చుట్టు త్రిప్పినచో వెనుక చక్రము రెండు చుట్లు, పైన మరి కొంత తిరుగును. 28 అంగుళముల చక్రపు చుట్టుకొలత సుమారు 2.23 మీటర్లు. కనుక పెడలు ఒక చుట్టునకు సైకిలు దాదాపు ఐదున్నర మీటర్లు పోవును. నిమిషమునకు 60 చుట్లు త్రొక్కువాడు గంటకు 19, 20 కిలోమీటర్ల నడుమ పోగలడు. 28ని ఆ 2.44చే గుణించినచో 68 వచ్చును. అనగా మన సైకిలు 68 అంగుళముల ఎత్తుగల పాతకాలపు చక్రముతో సమానము. 5 అడుగుల 8 అంగుళములు! అంతటి చక్రముపై కూర్చుండినచో ఎవరి కాళ్ళును పెడళ్ళకు అందవు. అయినను దినదినము మనము త్రొక్కుచున్నది దానినే.

సమతలమైన బాటపై, బరువు లేక పోవువానికి ఈ లెక్క సరిపడును. ఎత్తు ఎక్కువానికి సరిపడదు. ఫ్రీవీలును 22 పళ్ళదిగ మార్చినచో 44ను 22చే భాగింపగా సరిగా 2 వచ్చును. అపుడు పెడలుపై మోపవలసిన బలము నూటికి 18 వంతులు తగ్గును. దానికి ప్రతిగా, అదే దూరమునకు నూటికి 22 చుట్లు అధికముగ త్రొక్కవలెను. చేయవలసిన పని ఏమియు తగ్గలేదు. ఒక్కసారిగ మోయలేని ధాన్యపు బస్తాను రెండు గంపలలో రెండు మార్లు మోసినట్లు, పనిని కాళ్ళకు తగినట్లు పంచుకొంటిమి. గేరు చేయునది ఇంతియే.

ఒకనాడు మా తండ్రిగారి సైకిలు చైను తెగినది. సంతవీథిలోని ఒక ముదుసలి మెకానిక్కువద్దకు పోతిమి. ఆయన చైను చూచుటకు ముందు క్యారియరు చూచెను. "ఏ దారంట ఎల్తారు బాబూ? బరువెంత కడతారు?" అని అడిగెను. అన్నియు విని, 22 పళ్ళ ఫ్రీవీలు బిగించి, క్రొత్త చైనును పాతదానికంటె రెండు లంకెలు పొడవుగ ఉంచెను. మరునాటి సాయంకాలము మా తండ్రిగారు ఇల్లు చేరి, సైకిలును గోడకు ఆనించి, "పదేళ్ళు నా కాళ్ళను తిట్టుకొన్నానురా!" అనిరి.

సమతలమున మాత్రము ఆయన వేగము తగ్గెను. అదే చొప్పున త్రొక్కినచో 20 కిలోమీటర్లకు సుమారు 13 నిమిషములు అధికముగ పట్టును. ఆ నష్టమును ఆయన ఎరిగియే ఒప్పుకొనిరి. ఉద్యోగ విరమణ వరకు ఆ ఫ్రీవీలును మార్చలేదు.

ఎత్తు మొదట సైకిలు దిగుట మా తండ్రిగారి ఒక్కరి పాటు కాదు. ఫ్రాన్సు దేశమున 1903లో మొదలైన టూర్ డి ఫ్రాన్స్ పందెములో, త్రొక్కుచునే గేరు మార్చుకొను సాధనమును ప్రధాన పందెగాండ్రకు 1937లో గాని అనుమతింపలేదు. అంతవరకు వారు వెనుక చక్రమునకు ఇరువైపుల వేరువేరు లెక్కల పళ్ళచక్రములు బిగించుకొని, కొండ మొదట దిగి, చక్రమును ఊడదీసి త్రిప్పి బిగించుకొనుచుండిరి. లోకమున మేటి పందెగాండ్రకే దారినిబట్టి పళ్ళు మార్చుకొనవలసి వచ్చినపుడు, బరువు మోయు మనకు మార్చుకొనుట చిన్నతనమెట్లగును?

నేడు ఎన్నో గేర్ల సైకిళ్ళు దొరకుచున్నను, పాత ఫ్రేమునకు ఒంటి గేరు బిగించుకొను యువకులును కలరు. పాడగు భాగములు తక్కువ, తుడుచుట సులభము. అట్టివారు కొన్ని సంగతులు గమనింపవలెను. వెనుక ఇరుసు కూర్చుండు గాడి అడ్డముగ, పొడవుగ నుండవలెను. అపుడే చక్రమును వెనుకకు లాగి చైను బిగువు సరిచేయ వీలగును. గాడి నిలువుగ నున్న ఫ్రేమునకు చైనును బిగించి పట్టు వేరొక చిన్న చక్రము అవసరము. ముందరి పళ్ళచక్రమును, ఫ్రీవీలును ఒకే వరుసలో నుండవలెను. వెనుకనుండి చూచినచో చైను వంకర లేక సూటిగ కనబడవలెను. చైను నడుమ వ్రేలితో కదలించినచో సుమారు అర అంగుళము ఆడవలెను. పెడలును మెల్లగ పూర్తి చుట్టు త్రిప్పి, చైను మిక్కిలి బిగిసిన చోటనే ఈ పరీక్ష చేయవలెను. వదులైన చైను, ఎత్తున బలముగ త్రొక్కిన క్షణముననే జారును. పాదము పట్టుతప్పి మనిషి పడును. ఎడమ పెడలు మరచుట్లు ఎదురు దిక్కున నుండునని మరువరాదు. మరచి బలవంతముగ త్రిప్పినవాడు క్రాంకును చెడగొట్టుకొనును.

చైను అరిగినదో లేదో స్కేలుతోనే తెలిసికొనవచ్చును. క్రొత్త చైనులో 24 లంకెలు సరిగా 12 అంగుళములు. ఆ కొలత అంగుళములో పదహారవ వంతు పెరిగినచో చైనును మార్చవలెను. ఆలస్యము చేసినచో అది పళ్ళను కూడ తినివేయును. ఫ్రీవీలు లేక, చక్రముతోపాటు పెడళ్ళును ఎడతెగక తిరుగు సైకిలును కొందరు కోరుదురు. పల్లమున దాని పెడళ్ళు ఆగవు. అలవాటు లేని కాలును అవి విసరివేయును. దానికి బ్రేకులు అక్కరలేదనుట అపాయకరమైన మాట. బాటపై తిరుగు ఏ సైకిలునకైనను ముందు, వెనుక రెండు బ్రేకులు ఉండవలెను.

ఇక పళ్ళను ఎంచుకొనుట. మీరు నిత్యము పోవు దారిలో నిమిషమునకు 60 చుట్లు సుఖముగ త్రొక్కగలిగినచో మీ లెక్క సరియైనది. ఎత్తులలో పెడలు ఆగిపోవునట్లుండి మోకాలు నొచ్చినచో ఫ్రీవీలునకు రెండు పళ్ళు పెంచి చూడుడు. సమతలమున కాళ్ళు ఊరక తిరుగుచున్నట్లు తోచినచో రెండు తగ్గించుడు. అంతకు ముందు సీటు ఎత్తు చూచుకొనుడు: పెడలు అడుగున నున్నపుడు మడమ దానిపై ఆనినచో కాలు దాదాపు చాపినట్లుండవలెను. సీటు మరీ క్రిందుగ నున్నచో ఏ పళ్ళును మోకాలిని కాపాడలేవు.

మా తండ్రిగారి సైకిలు ఇప్పటికిని మా ఇంట నున్నది. ఇపుడు మా అబ్బాయి దానిపై కళాశాలకు పోవుచున్నాడు. వాని దారి అంతయు సమతలము, మోయునది రెండు పుస్తకములు. వాడు 18 పళ్ళ ఫ్రీవీలు వేయింపుమని అడిగినాడు. వాని దారికి అదియే సరి. ఈ ఆదివారము మార్పించవలెను. చైను కూడ కొలిచి చూడవలెను.