ఒక సినిమాశాల పునర్జన్మ

మన ఊళ్లలోని పాత సినిమాహాళ్లు అనేకము మూతపడి, కల్యాణమండపములుగను అంగళ్లుగను మారిపోయినవి. వానిని చూచి "కాలము మారినది, మనమేమి చేయగలము?" అని పెద్దలు నిట్టూర్చుట అందరము విన్నదే. ఏమి చేయవచ్చునో చేసి చూపిన యొక చిన్న నగరమును గూర్చి మా పాఠకులకు తెలుపదలచితిమి.

అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున ఆన్ ఆర్బర్ అను నగరము కలదు. అది విశ్వవిద్యాలయమునకు పేరుగాంచినది. అచ్చటి లిబర్టీ వీధిలో 1928 జనవరి 5వ తేదీన 'మిచిగన్ థియేటర్' ప్రారంభమైనది. సుమారు 1,700 మంది కూర్చుండదగిన ఆ భవనమునకు నమూనా గీసినవాడు మారిస్ ఫింకెల్.

అవి మూకీచిత్రముల దినములు. తెరమీది బొమ్మలు కదలునే కాని పలుకవు. ఆ లోటు తీర్చుటకై అందు బార్టన్ ఆర్గన్ అను మహావాద్యము నమర్చిరి. మన హార్మోనియములో తిత్తి నుండి వచ్చు గాలి లోహపు రీడులను పలికించును. ఈ ఆర్గనులోనో, విద్యుద్యంత్రము పంపు గాలి వందలకొలది గొట్టములను పలికించును. ఇట్టి వాద్యముపై డోలు, గంటలు, పక్షికూతలు గూడ వినిపింపవచ్చును. ఒక్క విద్వాంసుడే కథకు తగినట్లు హాలంతయు నాదముతో నింపును.

కాని విధి చిత్రమైనది. హాలు తెరచుటకు మూడు నెలల ముందే, 1927 అక్టోబరులో, న్యూయార్కున 'ది జాజ్ సింగర్' విడుదలై టాకీల యుగమునకు నాంది పలికినది. (మన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' వచ్చినది 1932లో.) క్రమముగా ఆర్గనుతో పనిలేక పోయెను. 1956లో నవీనత పేరిట హాలు ముఖభాగమును మార్చి, పాత అలంకారములను మరుగుపరచిరి. టెలివిజన్ వ్యాపించుటతో ప్రేక్షకులును తగ్గిరి.

1970 ప్రాంతమున కొందరు వాద్యప్రియులు, జీతము నాశింపక, ఆ మూగవోయిన ఆర్గనును బాగుచేయ మొదలిడిరి. 1979లో హాలు కౌలు గడువు ముగిసి, భవనమును అంగళ్ల సముదాయముగా మార్చు నాలోచన బయలుదేరెను. ముందుగా మేల్కొన్నవారు ఈ ఆర్గను మిత్రులే. వారిలో హెన్రీ ఆల్‌డ్రిజ్ అను ఆర్గను విద్వాంసుడు పురజనులను కూడగట్టెను. నగరపాలక సంస్థ భవనమును కొనెను. లాభాపేక్ష లేని సంఘ మొకటి నిర్వహణభారము వహించెను. ప్రజలు విరాళము లిచ్చిరి. 1986లో లోపలి పూర్వవైభవమును పునరుద్ధరించిరి.

బాగుచేసి తాళము వేసిన యిల్లు తిరిగి పాడుపడును. అందుచే వారు దానిని చలనచిత్రములతోను, సంగీత సభలతోను నిత్యము వాడుకలో నుంచిరి. నేటికిని కొన్ని ప్రదర్శనలకు ముందు ఆ ఆర్గను మ్రోగుచునే యున్నది.

ఇతర భాషల నడుమ తెలుగు బడి నిలుపుకొనుచున్న మనకు ఈ కథ దూరపుది కాదు. ఆపద వచ్చిననాడు సభలు చేయుట అవసరమే. అయినను, ఎవరును విననినాడు ఆర్గనును తుడిచి సరిచేసినవారు లేకున్నచో, 1979లో పిలుపునిచ్చు వారెవరు? విద్యార్థులారా, మన గ్రంథాలయములో దుమ్ముపట్టిన తెలుగు పుస్తకమును తీసి చదువుడు. తల్లిదండ్రులారా, రాత్రివేళ దానిని బిడ్డలచే బిగ్గరగా చదివించి వినుడు. మన ఆర్గను మరమ్మతు అక్కడనే మొదలగును.