చీడపీడల నివేదికల్లో పాత దత్తాంశం: గుర్తింపు, నివారణ

పవర్ బీఐలో రూపొందించిన చీడపీడల సర్వేక్షణ నివేదికకు నిర్ణీత వేళ జరగవలసిన రిఫ్రెష్ విఫలమైనా గ్రాఫులు మాయం కావు. చివరగా చేరిన దత్తాంశమే కనిపిస్తూ ఉంటుంది. వారం క్రితపు పురుగు ఉధృతిని నేటిదిగా భావించి సలహా ఇస్తే రైతు అనవసరంగా మందు పిచికారీ చేయవచ్చు లేదా సరైన తరుణాన్ని కోల్పోవచ్చు.

లోపాన్ని గుర్తించడానికి ముందుగా రిఫ్రెష్ హిస్టరీని పరిశీలించాలి. ఎక్సెల్ ఫైలు కార్యాలయ కంప్యూటరులో ఉన్నట్లయితే, గేట్‌వే అమర్చిన కంప్యూటరు ఆ వేళకు పనిచేస్తూ ఉండాలి. పాస్‌వర్డు మారినట్లయితే సెట్టింగులలో కొత్తది నమోదు చేయాలి. నివేదిక ఆధారపడిన నిలువు వరుస పేరును ఫైలులో మార్చినా రిఫ్రెష్ ఆగిపోతుంది. వరుసగా 4 సార్లు విఫలమైతే షెడ్యూలే నిలిపివేయబడుతుంది. లోపాన్ని సవరించిన పిదప దానిని తిరిగి ఆన్ చేయాలి. 2 నెలలపాటు నివేదికను ఎవరూ తెరవకపోయినా షెడ్యూలు నిలిచిపోతుంది. కనుక వేసవిలో వాడని ఖరీఫ్ నివేదికను విత్తే కాలానికి ముందే పరీక్షించడం అవసరం.

రిఫ్రెష్ విజయవంతమైనంత మాత్రాన దత్తాంశం తాజాదని చెప్పలేము. క్షేత్రంలో నమోదు జరగనప్పుడు పాత అంకెలే మళ్లీ చేరతాయి. అందువల్ల నివేదిక పైభాగాన చివరి క్షేత్ర పరిశీలన తేదీని చూపాలి. సలహా ఇచ్చే శాస్త్రవేత్త గ్రాఫు కన్నా ముందు ఆ తేదీని చూడాలి.