గాలముతో గడచిన యొక సంవత్సరము

చేపలను పట్టుట మన దేశమున ననాదిగా జీవనోపాయమై యున్నది. పాశ్చాత్య దేశములలో నది జీవనోపాయమేగాక గొప్ప వినోదము కూడ నైనది. ముఖ్యముగా అమెరికా వాసులకు 'బాసు' అను మంచినీటి చేపపై గల మక్కువ ఇంతయని చెప్పరాదు. వెడల్పైన నోరుగల యా చేప కలుపుమొక్కల చాటున పొంచియుండి, దగ్గఱకు వచ్చిన కప్పనో చిన్న చేపనో ఒక్క పెట్టున మ్రింగును. 1932లో జార్జియా రాష్ట్రమునందు జార్జి పెర్రీ యనునాతడు పట్టిన బాసు 22 పౌనుల 4 ఔన్సులు తూగెను. డెబ్బది యేడు సంవత్సరముల తరువాత, 2009లో, జపానునందలి బీవా సరస్సున గాని దానికి సమానమైనది మఱియొకటి దొరకలేదు.

మన కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములలో బాసు లేదు. కాని గుణమున దానికి సోదరుడనదగిన మీనమొకటి మన చెఱువులలో కలదు. అదియే కొర్రమీను, మన పల్లెలలో కొర్రమట్ట యందురు. తెలంగాణ ప్రభుత్వము 2016లో దీనిని రాష్ట్ర మత్స్యముగా ప్రకటించినది. ఇదియు పొంచియుండి వేటాడునదే. ఇదియు గాలమునకు చిక్కినపుడు ఘోరముగా పెనగులాడునదే. మదరాసు సివిల్ సర్వీసునం దుద్యోగియైన హెన్రీ సల్లివన్ థామసు దొర 1873లోనే భారతదేశమందలి గాలపు వేటను గూర్చి పెద్ద గ్రంథము ప్రకటించెను. కావున నీ వినోదము మనకు క్రొత్తది కాదు.

గడచిన మృగశిర కార్తె మొదలు ఈ మృగశిర కార్తె వఱకు సెలవు దినములలో నేనును, పై తరగతుల బాలురు కొందఱును మానేరు తీరమునందును, సమీప గ్రామముల చెఱువులయందును, ఒక పర్యాయము కడెము ప్రాంతమునందును గాలములు వేసితిమి. వెళ్లిన ప్రతి దినమును తేదీ, వేళ, గాలి, నీటి రంగు, వాడిన ఎఱ, కలిగిన ఫలితము అను ఆఱు విషయములను నోటు పుస్తకమున వ్రాసికొంటిమి. చేపకంటె ఆ పుస్తకమే మాకు దొరకిన గొప్ప వేట. అందలి సారమును ఈ పత్రికా పాఠకులకు తెలుపుచున్నాను.

సాధనములు, ఎఱలు

మా సాధనములు మిక్కిలి సామాన్యములు. వెదురు కఱ్ఱ, నైలాను దారము, ఉక్కు గాలము, చిన్న సీసపు గుండు, జీలుగు బెండు, ఇంతియే. గుండు ఎఱను దింపును. బెండు దానిని కావలసిన లోతున నిలుపును. బెండు కదలికయే వేటగానికి నీటి క్రిందినుండి వచ్చు ఉత్తరము. పరికలు మొదలగు చిన్న చేపలు ఎఱను కొఱికినచో బెండు గడగడ వణకును. వాలుగ పట్టినచో నొక్కసారిగా మునిగి పోవును. ఈ యుత్తరమును చదువుట నేర్వనివాడు దినమంతయు ఒడ్డున గూర్చున్నను వట్టి చేతులతోనే యింటికి వచ్చును.

ఏ చేపకు ఏ లోతున ఎఱ నిలుపవలయునో ఆ చేప నోరే చెప్పును. బొచ్చె నోరు పైకి తిరిగియుండును, అది పైనీటిలో మేయును. రోహు నడిమి నీటిలో తిరుగును. మృగాల నోరు క్రిందికి వంగియుండును, అది అడుగు బురదలో తినును. ఈ మూడింటిని ఒకే చెఱువున పెంచుటకు గల కారణమిదియే: ఒకదాని యాహారమునకు మఱియొకటి అంతగా పోటీ పడదు. వీనికి పిండిముద్దలు మంచి ఎఱలు. జెల్లలకు వానపాములు, అనగా మనవారు ఎఱ్ఱలనునవి, చాలును. కొర్రమీనునకు మాత్రము కదలెడి ప్రాణి కావలయును. కప్పయో చిన్న చేపయో నీటిమీద నీదుచున్నట్లు కనబడిన గాని అది లేచి రాదు.

వర్షకాలము

తొలకరి వానలకు చెఱువు నీరు ఎఱ్ఱబాఱును. క్రొత్తనీటితో పురుగులు, వానపాములు కొట్టుకొని వచ్చుటచే జెల్లలు నీరు ప్రవేశించు చోట్ల గుమిగూడును. అప్పుడు గాలము వేసినవానికి నిరాశ లేదు.

కాని యీ కాలముననే మేము కొర్రమీనును పట్టుట మానితిమి. దానికి కారణమును విద్యార్థులందఱు శ్రద్ధతో చదువవలయును.

కొర్రమీను వర్షకాలమున నిస్సారపు లోతుగల చోట, గడ్డి నడుమ, కొంత నీటిని శుభ్రపఱచుకొని గ్రుడ్లు పెట్టును. గ్రుడ్లలో నూనె బొట్టుండుటచే అవి నీటిపై తేలును. ఒకటి రెండు దినములలో పిల్లలు పుట్టును. వేలకొలది పిల్లలు ఎఱ్ఱని మేఘమువలె నొక్క గుంపుగా తిరుగుచుండును. గాలి పీల్చుటకు మాటిమాటికి పైకి వచ్చుచుండును. తల్లిదండ్రులు కొన్ని వారములపాటు వాని క్రిందనే నిలిచి కావలి కాయుచుండును. ఆ గుంపు నడుమ కప్పను గాని, రబ్బరు బొమ్మ కప్పను గాని విసరినచో పెద్ద చేప తటాలున లేచి దానిని కఱచును. అది ఆకలిచే కాదు. తన పిల్లలను మ్రింగ వచ్చిన శత్రువనుకొని కఱచును.

ఈ కిటుకు నెఱిగిన వేటగాడు సులభముగా పెద్ద చేపను బయటికి లాగును. ఒడ్డున నున్నవారు చప్పట్లు కొట్టుదురు. చరవాణులలో ఇట్టి దృశ్యములను చూచి మన బాలురు కూడ దీనిని శౌర్యమని తలచుచున్నారు. కాని ఆ చప్పట్ల వెనుక నీటిలో నేమి జరుగుచున్నది? కావలి తొలగిన యెఱ్ఱని మేఘముపై చుట్టునున్న చేపలు, నీటిపాములు, కొంగలు పడును. పట్టినది ఒక్క చేప. పోయినది ఒక్క చెఱువునకు చాలిన సంతానము. బాసు విషయమునను శాస్త్రజ్ఞులిట్లే కనుగొనిరి. బాసులలో మగది గూటిని కాయును. దానిని కొలది సేపు తొలగించి మరల విడిచినను, ఆ లోపల పరచేపలు పిల్లలను తినివేయుచున్నవి. అందుచేతనే కెనడా దేశపు ఆంటారియో రాష్ట్రమున, ఆయా ప్రాంతములను బట్టి, బాసు గూడు కాచు కాలమందు దాని వేటను చట్టముచే నిషేధించిరి. చట్టము చెప్పు వఱకు మనము వేచియుండ నక్కఱలేదు. తల్లి ప్రేమను ఎఱగా వాడుకొనుట వేట కాదు.

శీతకాలము

కార్తీకము దాటిన పిమ్మట నీరు తేరుకొనును. కాని ఆదిలాబాదు చలి మన రాష్ట్రమున ప్రసిద్ధము. కొన్ని రాత్రులందు ఉష్ణమానము 10 డిగ్రీలకంటె దిగువకు పోవును. చేప శరీరమునకు స్వంత వేడి లేదు. నీరు చల్లబడిన కొలది దాని జీర్ణశక్తి మందగించును, ఆకలి తగ్గును. కడెము ప్రాంతమున మేము సూర్యోదయమునకు ముందే గాలములు వేసితిమి గాని, ఎండ యెక్కి నీరు కొంత వెచ్చబడిన తరువాతనే బెండ్లు కదలినవి. చలికాలమున తెల్లవారుజామున లేచి తొందరపడుటకంటె గంజి త్రాగి నెమ్మదిగా వెళ్లుట మేలని పుస్తకమున వ్రాసికొంటిమి.

ఈ ఋతువుననే కొర్రమీనుల శరీరముపై ఎఱ్ఱని పుండ్లు కనబడుట కలదు. 1988లో మన దేశమున ప్రవేశించిన యొక బూజు తెగులు దీనికి కారణము. చల్లని నీటిలో చేపల రోగనిరోధశక్తి తగ్గుటచే నది విజృంభించును. పుండ్లున్న చేపను ఒక చెఱువునుండి మఱియొక చెఱువునకు కొనిపోరాదు. అది ఆరోగ్యముగల నీటికి రోగమును చేర్చుటయే యగును.

వేసవి

రామగుండము ఎండలను గూర్చి మన పాఠకులకు చెప్ప బనిలేదు. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరగును. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు కరగ గలుగగా, 35 డిగ్రీల వద్ద సుమారు 7 మిల్లీగ్రాములే కరగును. పైగా రాత్రివేళ నీటి మొక్కలు కూడ ప్రాణవాయువును పీల్చుటచే, తెల్లవారుజామున చెఱువులో నది మిక్కిలి తక్కువగా నుండును. ఆ వేళ బొచ్చెలు, రోహులు పైకి వచ్చి నోరు తెఱచుచుండుట చూచి 'చేపలు ఆకలిగొన్నవి' అని కొందఱు పొరబడుదురు. అది ఆకలి కాదు, ఊపిరి యాడకుండుట. అట్టి చేప ఎఱను ముట్టదు.

కొర్రమీను మాత్రము దీనికి వెఱవదు. దాని తలలో మొప్పలపై గాలిని పీల్చుకొను ప్రత్యేకావయవ మున్నది. నీరింకినను తడి బురదలో కొంతకాలము బ్రతుకును. తడి నేలపై ప్రాకి ప్రక్క గుంటకు చేరును. ఇంతయేల, పైకి వచ్చి గాలి పీల్చ వీలులేకుండ నీటిలో నొక్కి యుంచినచో నీటి చేపయే నీటిలో మునిగి చచ్చును! దీనిని పట్టుటకు వేసవి ఉదయమే తగిన కాలము. అప్పుడు పిల్లల కావలి లేదు, ఆకలి యున్నది. ఒకటి రెండు చిక్కగానే గాలములు చుట్టి వచ్చితిమి. నీరు తగ్గిన చెఱువులో మిగిలిన చేపలే వచ్చు వర్షకాలపు తల్లిదండ్రులు గదా.

నీరెవరిది?

ఇక తల్లిదండ్రులు గమనింపవలసిన మాట. చెఱువున నున్న చేప దారిన పోవువారి సొత్తు కాదు. మన జిల్లాలలో చెఱువుల మీది హక్కు సామాన్యముగా మత్స్యకార సహకార సంఘములకుండును. ముదిరాజులు, గంగపుత్రులు దీనిపై బ్రదుకుచున్నారు. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ పనులచే చెఱువుల పూడిక తీయబడినది. 2016 మొదలు ప్రభుత్వము ఉచితముగా చేప పిల్లలను విడుచుట మొదలుపెట్టినది. వానిని కాచి పెంచిన శ్రమ సంఘమువారిది. కావున మేము ప్రతి గ్రామమునను ముందు సంఘపు పెద్ద యొద్దకు వెళ్లి, "తాతా, మీ చెఱువున గాలము వేసికొందుమా?" అని యడిగితిమి. కాదన్న చోట మాఱు మాటాడక వెనుకకు మరలితిమి. కవ్వాల వంటి రక్షితారణ్యములలోని నీటిలో గాలము వేయుట నేరమని కూడ బాలురు తెలిసికొనవలయును.

పరదేశపు చేపలను తెచ్చి మన నీటిలో విడుచుట కూడ తగదు. జపానువారు 1925లో సరదాకై బాసును తెచ్చి ఆషి సరస్సున విడిచిరి. అది దేశమంతట వ్యాపించి స్థానిక మత్స్యములను తిని వేయుచుండగా, 2005 నుండి దానిని పెంచుటను, ప్రాణముతో తరలించుటను చట్టముచే నిషేధించిరి. ఆఫ్రికా మార్పు చేప విషయమున మన ప్రభుత్వము కూడ నిషేధము విధించినది. ఒక్కమాఱు నీట కలసినదానిని మరల వేఱుచేయుట యసాధ్యము.

ప్రాణరక్ష

అన్నింటికంటె ముఖ్యమైనది మిగిలియున్నది. 1985లో పూర్తియైన దిగువ మానేరు జలాశయమునకు వాననీరేగాక, శ్రీరామసాగరమునుండి కాకతీయ కాలువ నీరు కూడ వచ్చును. అందుచే మన యూరిలో చినుకు లేకున్నను నీరు పెరుగవచ్చును, ద్వారములు తెఱువవచ్చును. 2022, 2023 జులై మాసములలో కడెము జలాశయమునకు కట్టకే ప్రమాదము తెచ్చునంతటి వరద వచ్చినది. కావున ద్వారముల దిగువ ఎన్నడును గాలము వేయరాదు. మానేటి గర్భమున ఇసుక త్రవ్విన గుంటలు మోకాలి లోతు నీటి ప్రక్కనే నిలువు లోతుగా నుండును. ఈత వచ్చినవానిని సైతము అవి మ్రింగును. మా జట్టులో పెద్దవాడు లేనిదే ఎవరును నీటి యొద్దకు పోరాదు. గాలము రాతికి చిక్కినచో దారమును తెంపవలయునే గాని దానికై నీటిలో దిగరాదు. ఒక గాలము వెల కొన్ని రూపాయలు. ఒక బాలుని వెల కట్టువా రెవరు?

తెగిన నైలాను దారమును వీలైనంత ఏరి యింటికి తేవలయును. అది కుళ్లదు, కొంగల కాళ్లకు ఉరియగును. అక్కఱలేని చేపను విడువదలచినచో ముందు చేతులను తడుపుకొనవలయును. పొడి చేయి చేప శరీరముపై జిగురును తుడిచివేయును. ఆ జిగురే దానికి కవచము. అమెరికాలో బాసు పోటీలు జరుపువారు 1972 నుండియే పట్టిన చేపను ప్రాణముతో విడుచుట ప్రోత్సహించిరి. మనవారికి చేప ఆహారము గనుక పట్టినదెల్ల విడువుమని నేను చెప్పను. వండుకొన దగినదానిని ఉంచికొని, చిన్నదానిని, గ్రుడ్లతో నిండినదానిని విడుచుట మాత్రము అందఱకు సాధ్యమే.

సంవత్సరాంతమున మా పుస్తకమును తిరుగవేయగా, ఏమియు దొరకని దినములే ఎక్కువగా కనబడినవి. అయినను ఏ బాలుడును దానికి విచారింపలేదు. నీటి రంగును బట్టి ఋతువును, బెండు కదలికను బట్టి మీనమును, చేప నోటిని బట్టి దాని యాహారమును చెప్పగలవాడు, తరగతిలో జీవశాస్త్రమును వేఱుగ వల్లె వేయ నవసరము లేదు. ఓర్చుకొని కూర్చుండుట, అడిగి తీసికొనుట, చాలునన్నపుడు మానుట అను మూడు గుణములు ఏ పరీక్షలోను ప్రశ్నలుగా రావు. కాని జీవితమున వానిని గూర్చిన పరీక్ష దినదినమును జరుగుచునే యుండును. వచ్చు వర్షకాలమున చెఱువు గట్టుపై నడచునపుడు నీటిలో ఎఱ్ఱని మేఘము కనబడినచో, విద్యార్థులారా, గాలమును క్రింద బెట్టి కొంత సేపు నిలిచి చూడుడు.