అక్షరమును నిలుపువారు

ఏ సంస్థయందును నెలజీతమునకు కుదురుకొనక, ఇంటిలోని ఒక గదినే కార్యాలయముగ చేసికొని, పుస్తకములకు అట్టలును, దుకాణములకు లోగోలును, పెండ్లిండ్లకు శుభలేఖలును కూర్చుచు స్వతంత్రముగ జీవించు గ్రాఫిక్ డిజైనర్లు నేడు హైదరాబాదు, విజయవాడలయందేగాక చిన్న పట్టణములయందును కలరు. వారి పని బొమ్మలు వేయుట యని లోకము తలంచుచున్నది. నా దృష్టిలో తెలుగు డిజైనరు ప్రజ్ఞ యంతయు అక్షరమును నిలుపుటలోనే బయటపడును.

'రాష్ట్రము' అను మాటను చూడుడు. షకారము క్రింద టవత్తు దిగును, రవత్తు ఎడమవైపునుండి చుట్టివచ్చును. ఆ క్రింది పంక్తిలో సరిగా అచ్చోటనే 'వీ' వంటి గుడిదీర్ఘముగల అక్షరము వచ్చెనా, పై పంక్తి వత్తును క్రింది పంక్తి గుడియు ఒండొంటితో ఒరసికొనును. పంక్తుల నడుమ ఎడము పెంచినచో శీర్షిక చెదరును, పెంచకున్నచో అక్షరములు చిక్కుపడును. వత్తులును గుణింతపు గుర్తులును లేని ఇంగ్లీషు లిపికై ఏర్పడిన కొలతలు ఇచ్చట చాలవు. కావుననే అనుభవజ్ఞుడైన డిజైనరు కంప్యూటరులోని ఫాంటుతో తృప్తిపడక, పదమును ముక్కలుగ విడదీసి, వత్తును వెంట్రుకవాసి కుడికి జరిపి, దీర్ఘపు కొమ్మును కొంచెము వంచి, మరల దూరమునుండి చూచి, ఒక్క శీర్షికపైననే పూటంతయు గడపుట కలదు.

ఈ శ్రద్ధకు మనవారికి గురుస్థానము చిత్రకారుడైన బాపుగారిది. 1933లో పశ్చిమ గోదావరి సీమలో జన్మించి, మద్రాసు విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్ర పట్టము పొందియు రేఖనే నమ్ముకొనిన ఆ మహనీయుని చేవ్రాత నేడు ఫాంటుగ మారి శుభలేఖలమీదను, పుస్తకముల అట్టలమీదను కనబడుచునే యున్నది. అయితే ఆ ఫాంటును ఎక్కడబడితే అక్కడ అతికించుట బాపును అనుసరించుట కానేరదు. ఆయన ప్రతి కథ పేరును ఆ కథకు తగినట్లు వ్రాసెను గదా! ఇంకను వెనుకకు పోగోరువారు లేపాక్షికి పోవుదురు. అచ్చట వీరభద్రాలయపు కప్పుమీద, 16వ శతాబ్దపు చిత్రకారులు నల్లని గీతలోపల ఎరుపు, పసుపు కావిరంగులు నింపి వేసిన చీరల అంచులను చూచినవానికి, కొద్ది రంగులతోనే ఎంతటి వైభవము సాధ్యమో ఎవరును చెప్పనక్కరలేదు.

ఇక లెక్కల సంగతి. పుస్తకము వెన్ను వెడల్పు కాగితముపై ఆధారపడును: 200 పుటలనగా 100 ఆకులు, ఆకు మందము మిల్లీమీటరులో పదియవ వంతైనచో వెన్ను 10 మిల్లీమీటర్లు. అట్ట సిద్ధమైన పిమ్మట గ్రంథకర్త అనుబంధమొకటి చేర్చి 40 పుటలు పెంచెనేని, వెన్ను 2 మిల్లీమీటర్లు లావై, ముందట్ట బొమ్మ దానిపైకి ప్రాకును. అట్టనంతయు మరల కూర్చవలయును. తెరపై మిలమిలలాడిన నీలము నాలుగు సిరాల అచ్చులో మందగించును గనుక, ప్రెస్సులో ప్రూఫు చూడక వదలుట క్షేమము కాదు. ఇంత శ్రమయు 'చిన్న కరెక్షనే గదా' యను ఒక్క ఫోనుమాటతో ఉచితసేవగ మారిపోవుచుండుట నాకు మిక్కిలి బాధాకరముగ నున్నది. నెలజీతము లేనివానికి ఆ పూటయే జీవనాధారము.

ఇక అట్టబొమ్మపై హక్కుల సంగతి. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము ఆ హక్కుల బదిలీ వ్రాతమూలకముగ, సంతకముతో జరుగవలయును. కాలపరిమితి వ్రాసికొననిచో అది ఐదు సంవత్సరములకే చెల్లును, ప్రదేశము వ్రాయనిచో భారతదేశమునకే పరిమితమగును. ఈ సంగతి ఉభయులకును తెలిసియుండుట మేలు. అట్ట వేయించుకొను గ్రంథకర్తలకును, ప్రచురణకర్తలకును నా మనవి యొక్కటే: పని మొదలుకాకముందే పారితోషికమును, కరెక్షన్ల సంఖ్యను కాగితముపై పెట్టుడు, కొంత అడ్వాన్సు చెల్లింపుడు, పుస్తకములో డిజైనరు పేరు అచ్చువేయుడు.