ఠాణాకూ మొహల్లాకూ మధ్య దూరం తగ్గేదెలా?

రాత్రి పొద్దుపోయాక తలుపు తట్టిన చప్పుడైతే మన బస్తీల్లో తల్లులకు రెండు భయాలు. దొంగ వచ్చాడేమోనన్నది మొదటిది. పోలీసు వచ్చాడేమోనన్నది రెండోది. మొదటి భయం నుంచి కాపాడవలసినవాడే రెండో భయానికి కారణమైతే ఆ ఇల్లు ఎవరితో మొర పెట్టుకోవాలి?

ఇది ఏ ఒక్క ఊరి సంగతో కాదు. ఇంటి ముందు పెట్టిన మోటార్ సైకిల్ పోయినా ఠాణాకు వెళ్లని కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కాలేజీకి వెళ్లే దారిలో ఆకతాయిలు వెంటపడుతున్నారని ఆడపిల్ల చెబితే ఫిర్యాదు చేయడానికి బదులు పిల్ల చదువే మాన్పించే తండ్రులు ఉన్నారు. గల్లీ చివర గంజాయి పొట్లాలు చేతులు మారుతున్నాయని అందరికీ తెలుసు. చెప్పేవారు మాత్రం ఉండరు. చెబితే తమ పేరు బయటపడుతుందని ఒక భయం, తమ పిల్లవాడినే అనుమానిస్తారని మరో భయం.

పోలీసుల వైపు నుంచి చూస్తే లెక్క వేరు. పండుగ బందోబస్తు, రౌడీషీటర్ల జాబితా, పైఅధికారులు అడిగే కేసుల సంఖ్య, ఇవే వారి ప్రాధాన్యాలు. బస్తీకి కావలసింది ఒకటి, ఠాణా చేసేది మరొకటి. ఈ రెండింటినీ కలిపే దారి ఉందా? ఉందని చేసి చూపిన ఊరు ఒకటుంది. దాని కథ మన పాఠకులు తెలుసుకోవలసినది.

మగ్గాల ఊరు భివండీ

మహారాష్ట్రలోని ఠాణే జిల్లాలో, ముంబై నగరానికి దగ్గరలోనే ఉంది భివండీ. పవర్‌లూమ్ మగ్గాల ఊరు. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన అన్సారీ నేత కార్మికులతో పాటు మన తెలంగాణ జిల్లాల నుంచి పొట్ట చేత పట్టుకుని వెళ్లిన పద్మశాలీలు కూడా అక్కడ తరాలుగా బతుకుతున్నారు. అక్కడి పద్మానగర్‌లో తెలుగు మాట వినిపించడం మామూలే. అంటే ఆ ఊరు తగలబడితే ఆ సెగ మన ఇళ్లకూ తగులుతుంది.

తగలబడింది కూడా. 1970 మే నెలలో శివాజీ జయంతి ఊరేగింపు సందర్భంగా అక్కడ చెలరేగిన అల్లర్లు దేశాన్ని కుదిపేశాయి. వాటిపై విచారణ జరిపిన జస్టిస్ మదన్ కమిషన్ పోలీసుల తీరును గట్టిగా తప్పుపట్టింది. 1984లో మళ్లీ అదే రక్తపాతం. భివండీ అంటేనే అల్లర్ల ఊరన్న ముద్ర పడిపోయింది.

1988లో సురేశ్ ఖోపడే అనే పోలీసు అధికారి అక్కడికి డిప్యూటీ కమిషనర్‌గా వచ్చారు. ఆయన ముందుగా లాఠీలు లెక్కపెట్టలేదు, పాత అల్లర్లు ఎలా మొదలయ్యాయో చదివారు. అప్పటిదాకా శాంతి సంఘాలు లేకపోలేదు. అయితే పండుగకు ముందు ఒకసారి పెద్ద మనుషులనూ రాజకీయ నాయకులనూ పిలిచి చాయ్ తాగించి పంపేవారు. ఆ కుర్చీల్లో కూర్చున్నవారికి తమ గల్లీలో పక్కింటివాడి పేరైనా తెలుసో లేదో!

ఖోపడే ఆ పద్ధతి మార్చారు. ఊరంతటా మొహల్లా కమిటీలు వేశారు. సుమారు 70 కమిటీలు. నాయకులకు బదులు మగ్గం కార్మికులు, దుకాణదారులు, టీచర్లు, డాక్టర్లు, గృహిణులు సభ్యులయ్యారు. హిందువులు, ముస్లింలు సమాన సంఖ్యలో ఉండేలా చూశారు. కమిటీ బాధ్యత ఆ ప్రాంతం చూసే కింది స్థాయి పోలీసుకే అప్పగించారు. ఇందులోనే అసలు కిటుకు ఉంది. కమిషనర్‌కు నాయకులు తెలిసినంత మాత్రాన గల్లీకి ఒరిగేదేమీ లేదు. కానిస్టేబుల్‌కు గల్లీ తెలియాలి, గల్లీకి కానిస్టేబుల్ తెలియాలి.

కమిటీ కూర్చున్నప్పుడల్లా మతసామరస్యం మీద ఉపన్యాసాలు సాగేవని అనుకుంటే పొరపాటు. కొళాయి దగ్గర తగువు, అద్దె గొడవ, మగ్గాల దగ్గర జీతం పేచీ, తాగి అల్లరి చేసేవాడి సంగతి, ఇలాంటి రోజువారీ విషయాలే ముందుకు వచ్చేవి. రెండు వర్గాలవారూ ఒకే చాప మీద కూర్చుని చిన్న తగువులు తీర్చుకోవడం అలవాటైంది. ఆ అలవాటే పెద్ద గండం వచ్చిన రోజున అక్కరకు వచ్చింది.

ఆ డిసెంబరులో

1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత ముంబై మండిపోయింది. ఆ డిసెంబరులోనూ 1993 జనవరిలోనూ జరిగిన అల్లర్లలో 900 మంది చనిపోయారని శ్రీకృష్ణ కమిషన్ లెక్క తేల్చింది. వారిలో 575 మంది ముస్లింలు, 275 మంది హిందువులు. అంత దగ్గరలో ఉన్న భివండీ, అందరూ మొదట అంటుకుంటుందని భయపడిన భివండీ, ప్రశాంతంగా నిలిచింది. అప్పటికి ఖోపడే బదిలీ అయ్యారు, కానీ కమిటీలు ఉన్నాయి. పుకారు పుట్టిన చోటే దాన్ని తేల్చి చెప్పగల మనుషులు ప్రతి మొహల్లాలో ఉన్నారు. ‘ఫలానా గల్లీలో మనవాళ్లను కొట్టారట’ అన్న మాట వస్తే, ఆ గల్లీలో ఉన్న కమిటీ సభ్యుడిని అడిగి నిజం తెలుసుకునే వీలు కలిగింది.

ఈ అనుభవం ముంబైకీ కనువిప్పు అయింది. అల్లర్ల తర్వాత అప్పటి పోలీసు కమిషనర్ సతీశ్ సాహ్నీ, మాజీ పోలీసు అధికారి జూలియో రిబేరో, సామాజిక కార్యకర్త సుశోభా బర్వే ప్రభృతుల చొరవతో అక్కడా మొహల్లా కమిటీల ఉద్యమం మొదలైంది. బస్తీ కుర్రాళ్లకూ పోలీసులకూ క్రికెట్ పోటీలు పెట్టడం కూడా అందులో భాగమే.

నిర్లక్ష్యం చేస్తే

అయితే భివండీ కథ ఇక్కడితో ముగియలేదు. 2006 జూలైలో అదే ఊళ్లో, శ్మశానవాటిక స్థలమని ముస్లింలు చెబుతున్న చోట పోలీస్ స్టేషన్ కట్టడంపై వివాదం రేగింది. నిరసనకారులపై పోలీసులు జరిపిన కాల్పుల్లో ఇద్దరు మరణించారు. ఆ రాత్రే ఇద్దరు పోలీసులను మూక పొట్టన పెట్టుకుంది. నాలుగు ఇళ్లలో దీపాలు ఆరిపోయాయి. ఠాణా కట్టే స్థలం గురించి మొహల్లాతో ముందుగా కూర్చుని మాట్లాడి తేల్చుకోలేకపోయిన చోట, మొహల్లా కమిటీలకు పేరు తెచ్చిన ఊరే అయినా, రక్తం చిందింది. నమ్మకం ఒకసారి కట్టి వదిలేసే గోడ కాదు. రోజూ నీళ్లు పోయవలసిన మొక్క.

సహకారం పేరుతో జరిగే తప్పుల గురించి కూడా చెప్పుకోవాలి. తమిళనాడులోని రామనాథపురంలో 1993లో ‘ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్’ పేరుతో ప్రజలను పోలీసులకు దగ్గర చేసే మంచి ప్రయత్నం మొదలైంది. 2020లో సాత్తాన్‌కుళంలో తండ్రీకొడుకులు పోలీసు కస్టడీలో దెబ్బలకు ప్రాణాలు కోల్పోయినప్పుడు ఆ పేరుతో తిరిగే వలంటీర్లపైనా ఆరోపణలు వచ్చాయి. ఆ తర్వాత ప్రభుత్వం ఆ వ్యవస్థను నిషేధించింది. పౌరుడు పోలీసుకు తోడుండాలి గానీ లాఠీ పట్టుకున్న మరో చేయి కాకూడదు. కేరళలో 2008లో ఆరంభమైన ‘జనమైత్రి’ పథకంలో బీట్ అధికారి తన పరిధిలోని ఇళ్లకు స్వయంగా వెళ్లి కుటుంబాలతో పరిచయం పెంచుకోవాలి. అక్కడ పోలీసే గడపకు వస్తాడు, పట్టుకుపోవడానికి కాదు, పలకరించడానికి.

మన సంగతేమిటి?

మన రెండు రాష్ట్రాల్లోనూ శాంతి సంఘాలు కొత్త కాదు. వినాయక నిమజ్జనం, బక్రీద్, మిలాద్ వస్తే సమావేశాలు జరుగుతాయి, ఫొటోలు పేపర్లో వస్తాయి. మిగిలిన రోజుల్లో ఆ సంఘాల జాడ ఎంతమందికి కనిపిస్తోంది?

పాత గాయాలూ ఉన్నాయి. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలింది. తర్వాత పట్టుకెళ్లిన ముస్లిం యువకుల్లో పలువురు నిర్దోషులుగా బయటపడ్డారు. ప్రభుత్వం వారికి పరిహారం ఇచ్చింది. తర్వాత హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. పోయిన ఉద్యోగం, చెడిన పెళ్లి సంబంధం, ఆగిన చదువు ఏ ఉత్తర్వుతోనూ తిరిగిరావు. తెల్లవారుజామున బస్తీని చుట్టుముట్టి ఇల్లిల్లూ తనిఖీ చేసే ‘కార్డన్ సెర్చ్’ల వల్ల కూడా, నేరస్తులు దొరుకుతారో లేదో గానీ, నిద్రలేచిన పసిపిల్లల మనసులో పోలీసంటే ఏమి ముద్ర పడుతుందో అధికారులు ఆలోచించాలి.

మంచి జరిగిన చోట మంచి అని ఒప్పుకోవాలి. 2014 అక్టోబరులో హైదరాబాద్‌లో మొదలైన ‘షీ టీమ్స్’ మఫ్టీలో బస్టాపుల దగ్గర, కాలేజీల దగ్గర నిఘా వేసి ఆకతాయిలను పట్టుకుంటున్నాయి. ఫిర్యాదు చేసిన అమ్మాయి పేరు బయటికి రాకుండా చూడటం, పట్టుబడిన కుర్రాడికి తల్లిదండ్రుల ఎదుట కౌన్సెలింగ్ ఇవ్వడం వల్ల చాలా కుటుంబాలకు ధైర్యం వచ్చింది. ఆడపిల్లల భయం ఏమిటో ముందు తెలుసుకుని పని మొదలుపెడితే జనం కలిసివస్తారనడానికి ఇదే తార్కాణం.

మనం చేయగలిగింది

పోలీసుల బాధ్యత వారిది. మన వంతు ఏమిటి? మసీదు కమిటీలు, మహిళా సంఘాలు, స్కూలు టీచర్లు, దుకాణదారులు, పక్క వీధి హిందూ సోదరులు కలిసి నెలకొకసారైనా బీట్ కానిస్టేబుల్‌తో, ఎస్సైతో కూర్చోవాలి. ఏ నాయకుడి ఇంట్లోనో వద్దు, స్కూల్లోనో షాదీఖానాలోనో కూర్చోవాలి. ఆడవారు తప్పక ఉండాలి, ఎందుకంటే ఏ సందులో దీపం వెలగదో, ఏ మలుపులో పిల్లలు జడుస్తారో వారికే ఎక్కువ తెలుసు. బస్తీకి ముఖ్యమైన మూడు సమస్యలు రాసి ఇవ్వాలి. వచ్చే నెల వాటిలో ఏది తీరిందో అడగాలి. అడిగేవారు లేకపోతే కమిటీ చాయ్ పార్టీగా మిగులుతుంది.

కమిటీ సభ్యులు దళారులు కాకూడదు. ‘నేను చెబితే ఎస్సై వింటాడు’ అని డబ్బు గుంజేవాడిని మొదటి రోజే పక్కన పెట్టాలి. చాడీలు చెప్పేవాడినీ అంతే. అదే సమయంలో తప్పు చేసిన కుర్రాడిని ‘మనవాడే కదా’ అని దాచడం వాడికీ మేలు కాదు, మనకూ మేలు కాదు.

హక్కులు తెలిసినప్పుడే భయం తగ్గుతుంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఎఫ్ఐఆర్ నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. సాక్ష్యం అడగడానికి ఆడవారినీ, 15 ఏళ్ల లోపు పిల్లలనూ, 60 ఏళ్లు దాటినవారినీ ఠాణాకు రమ్మనకూడదు, ఇంటి దగ్గరే అడగాలి. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, కుటుంబానికి తెలియజేయాలి, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. డి.కె. బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయంలో మనకు గొప్ప అండ. ఆపదలో 112కు, ఫోన్లో మాయమాటలతో బ్యాంకు డబ్బు కాజేస్తే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఈ నాలుగు ముక్కలూ మొహల్లా కమిటీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టించడం కష్టమైన పనేమీ కాదు.

ఏదో ఒక సాయంత్రం గల్లీలోకి వచ్చిన కానిస్టేబుల్‌ను చూసి పిల్లలు పారిపోకుండా ఆట కొనసాగించాలి. ‘చాచా, ఆ మూల దీపం వేయించారా?’ అని అతడు అడగాలి. ‘వేయించారు బేటా, కూర్చుని చాయ్ తాగి పో’ అని అరుగు మీది పెద్దాయన అనాలి. ఆనాడు ఆ వీధిలో దొంగకే భయం, తల్లులకు కాదు. అలాంటి సాయంత్రం దానంతట అది రాదు. అటు ఠాణా ఒక అడుగు వేయాలి, ఇటు మనం ఒక అడుగు వేయాలి. ఈ వారమే మన మొహల్లాలో ఆ మాట ఎత్తుదాం.